న్యూ కాలెడోనియా: ఓటరు జాబితా చుట్టూ తిరుగుతున్న 170 ఏళ్ల కథ

2024 మే 13న న్యూ కాలెడోనియా రాజధాని నూమియాలో రోడ్లకు అడ్డంగా టైర్లు, కార్లు పడ్డాయి. రాత్రయ్యేసరికి షాపులు, గోడౌన్లు తగలబడుతున్నాయి. ఆ మరుసటి రాత్రి, అక్కడికి సుమారు 17,000 కిలోమీటర్ల దూరంలో, పారిస్‌లోని దిగువ సభ ఒక రాజ్యాంగ సవరణను 351–153 ఓట్లతో ఆమోదించింది. ఫ్రాన్స్ ఎమర్జెన్సీ పెట్టింది, సైన్యాన్ని దింపింది, టిక్‌టాక్‌ను కూడా ఆపేసింది. నెలల తరబడి సాగిన ఆ గొడవల్లో 14 మంది చనిపోయారు.

సవరణలో ఏముందో చూస్తే, దీనికా ఇంత గొడవ అనిపిస్తుంది. పదేళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లకూ, అక్కడే పుట్టినవాళ్లకూ స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వాలన్నది ప్రతిపాదన. ఓటు తీసేస్తే జనం రోడ్డెక్కడం మనకు తెలుసు. ఓటు ఇస్తామంటే ఊరు తగలబడటమేమిటి? లోకల్, నాన్-లోకల్ తగాదాలు బాగా ఎరిగిన మనకు కూడా ఇది ఒక పట్టాన అర్థం కాదు. అర్థం కావాలంటే ఆ దీవుల్లోకి ఎవరు, ఎప్పుడు, ఎవరు రమ్మంటే వచ్చారో చూడాలి.

ముందు కొన్ని పేర్లు

ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ సముద్రంలో ఉన్న దీవులివి. ప్రధాన దీవి పేరు గ్రాండ్ టెర్, సుమారు 400 కిలోమీటర్ల పొడవుంటుంది. దాని పక్కన లాయల్టీ దీవులు, దక్షిణాన పైన్ దీవి. 2019 జనగణన ప్రకారం జనాభా 2,71,407. అంటే మన జిల్లాల్లో ఓ మోస్తరు పట్టణమంత.

అక్కడి మూలవాసులు కనాక్‌లు. వాళ్ల పూర్వీకులు సుమారు 3,000 ఏళ్ల కిందటే పడవల మీద వచ్చారు. కనాక్ భాషలు 28 దాకా ఉన్నాయి. ఒకప్పుడు తెల్లవాళ్లు తిట్టుగా వాడిన ఆ మాటనే వాళ్లు 1970ల్లో గర్వంగా పేరు చేసుకున్నారు. స్వతంత్ర దేశం వస్తే పెట్టుకోవాలనుకున్న పేరు కనాకీ. పాత వలసదారుల, ఖైదీల సంతతిని కల్దోష్‌లు అంటారు. వీళ్లు కాక వాలిస్, ఫుటునా దీవుల నుంచి వచ్చినవాళ్లు, గనుల్లోకి కూలీలుగా తెచ్చిన జావా, వియత్నాం, జపాన్ వాళ్ల వారసులు ఉన్నారు. 2019 లెక్కలో కనాక్‌లు 41 శాతం, యూరోపియన్లు 24 శాతం, వాలిస్-ఫుటునా వాళ్లు 8 శాతం. మిగతావాళ్లు మిశ్రమం, ఇతరులు. ఎవరికీ మెజారిటీ లేదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇక పాలన. న్యూ కాలెడోనియా ఫ్రాన్స్‌లో భాగం, అక్కడివాళ్లు ఫ్రెంచ్ పౌరులు. అయినా దక్షిణ, ఉత్తర, లాయల్టీ అనే మూడు ప్రావిన్సులకు సొంత సభలున్నాయి. ఆ సభ్యుల్లోంచి 54 మందితో కాంగ్రెస్ అనే చట్టసభ, దాన్నుంచి స్థానిక ప్రభుత్వం ఏర్పడతాయి. మొత్తం గొడవ ఈ ప్రావిన్సు ఎన్నికల ఓటరు జాబితా గురించే.

చేమదుంపల తోటలు, పశువుల మందలు

1774లో కెప్టెన్ జేమ్స్ కుక్ గ్రాండ్ టెర్ ఉత్తర భాగంలో బలాద్ దగ్గర దిగాడు. కొండలు స్కాట్లండ్‌ను గుర్తుచేశాయని దాని పాత లాటిన్ పేరు తగిలించి వెళ్లిపోయాడు. సరిగ్గా ఆ బలాద్‌లోనే 1853 సెప్టెంబర్ 24న ఫ్రెంచ్ నౌకాదళ అధికారి ఒకాయన మూడో నెపోలియన్ పేరు మీద జెండా ఎగరేశాడు. బ్రిటన్‌కు ఆస్ట్రేలియా ఉన్నట్టే తమకూ పసిఫిక్‌లో ఒక రేవు, ఖైదీలను పడేయడానికో చోటు కావాలన్నది ఫ్రాన్స్ కోరిక.

పొలానికీ పశువుకూ ఉన్న తగాదా తెలిసినవాళ్లకు ఆ తర్వాతి పాతికేళ్లు ఇట్టే అర్థమవుతాయి. కనాక్‌ల తిండి పెండలం, చేమదుంప. కొండవాలుల్లో మెట్లు కట్టి, కాలవలు తీసి చేమ పండించేవారు. ఎప్పుడు పెండలం నాటాలి, ఎప్పుడు తవ్వాలి అన్నదాన్ని బట్టే వాళ్ల ఏడాది నడిచేది. వలసదారులు ఆ భూముల పక్కనే పశువులను వదిలారు. మందలు తోటల్లో పడి తొక్కేసేవి. ఫిర్యాదు చేస్తే కంచె వేసుకోమన్నారు. దానికి అతాయి అనే కనాక్ తెగపెద్ద, నా చేమదుంపలు వెళ్లి మీ పశువులను తినే రోజున కంచె వేస్తానని జవాబిచ్చాడని చెప్తారు. అతనే గవర్నర్ ముందు ఒక సంచి మంచి మట్టి కుమ్మరించి, ఇది మాకు ఒకప్పుడు ఉన్నది అన్నాడని, మరో సంచి రాళ్లు కుమ్మరించి, ఇది మీరు మాకు వదిలింది అన్నాడని ఇంకో కథ.

1878లో తిరుగుబాటు లేచింది. సుమారు 200 మంది వలసదారులు, అంతకు ఎన్నో రెట్లు కనాక్‌లు చనిపోయారు. ఫ్రెంచివారి పక్షాన నిలిచిన వేరే తెగ కనాక్‌లే అతాయిని చంపారు. అతని తల పారిస్ చేరింది. మ్యూజియం సేకరణల్లో ఎక్కడో పోయిందనుకున్న పుర్రె 2011లో బయటపడింది, 2014లో వారసులకు తిరిగొచ్చింది.

ఆ తర్వాత కనాక్‌లను రిజర్వులనే హద్దుల్లోకి నెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి గ్రాండ్ టెర్‌లో వాళ్ల చేతిలో మిగిలింది పదో వంతు నేల. 1887లో వచ్చిన మూలవాసుల కోడ్ ప్రకారం అనుమతి లేకుండా రిజర్వు దాటకూడదు, రాత్రిళ్లు ఊళ్లో తిరగకూడదు, వెట్టి చేయాలి, తలపన్ను కట్టాలి. ఇది 1946 దాకా నడిచింది. మధ్యలో 1931లో, పారిస్‌లో వలసల ఎగ్జిబిషన్ జరుగుతున్నప్పుడు, వంద మందికి పైగా కనాక్‌లను తీసుకెళ్లి నరమాంస భక్షకులని చెప్పి పార్కులో చూపించారు.

శిక్ష అయిపోయినా ఇల్లు చేరని ఖైదీలు

1864 నుంచి 1897 వరకు ఫ్రాన్స్ ఇక్కడికి ఇరవై వేలకు పైగా ఖైదీలను పంపింది. వాళ్లకొక నిబంధన ఉండేది. ఎనిమిదేళ్ల లోపు శిక్ష పడితే, అది పూర్తయ్యాక అంతే కాలం అక్కడే ఉండాలి. ఎనిమిది గానీ, అంతకు మించి గానీ పడితే బతికినంతకాలం ఉండాల్సిందే. అంటే అయిదేళ్ల శిక్ష పడ్డ దొంగ పదేళ్లు, పదేళ్ల శిక్ష పడ్డవాడు చచ్చేదాకా. విడుదలైనవాడికి భూమి ఇచ్చేవారు. ఆ భూమి ఎవరిదో చెప్పక్కర్లేదు.

వీళ్లు కాక 1871లో పారిస్ జనం తిరగబడి నడిపిన నగర పాలన, పారిస్ కమ్యూన్, ఓడిపోయాక నాలుగు వేల మందికి పైగా తిరుగుబాటుదారులు, అదే ఏడాది అల్జీరియాలో తిరగబడ్డ కబైల్ తెగవాళ్లు కూడా ఇక్కడికే చేరారు. వలస పాలన మీద తిరగబడి వచ్చిన కబైల్‌లలో కొందరు 1878లో కనాక్‌ల మీద ఫ్రెంచివారి తరఫున పోరాడారు. కమ్యూన్ తిరుగుబాటుదారుల్లోనూ చాలామంది అటే నిలబడ్డారు. వాళ్లలో లూయీజ్ మిషెల్ లాంటి కొద్దిమంది మాత్రమే కనాక్‌ల పక్షం వహించారు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేసే ఘట్టం ఇదే. కొట్టినవాడూ, దెబ్బతిన్నవాడూ అని రెండు గీతలు గీసుకుని కూర్చుంటే ఇలాంటివి మన కంట పడవు.

1864లోనే జూల్ గార్నియే అనే ఇంజనీరు నికెల్ ఖనిజాన్ని గుర్తించాడు. ఆ ఖనిజానికి ఆయన పేరే ఉంది. గనులకు కూలీలు కావాలి కాబట్టి కూలీలొచ్చారు. ఖైదీలూ, కూలీలూ తమంతట తాము ఎంచుకుని వచ్చినవాళ్లు కాదు. ఈ మాట తర్వాత పనికొస్తుంది.

యానాం వెళ్లిపోయింది, ఈ దీవులు ఉండిపోయాయి

1946లో కొత్త రాజ్యాంగంతో ఫ్రాన్స్ తన కాలనీలకు పేరు మార్చి ‘సముద్రం అవతలి టెరిటరీలు’ అంది. ఆ జాబితాలో న్యూ కాలెడోనియా ఉంది, పుదుచ్చేరితో పాటు మన యానాం కూడా ఉంది. 1954 అక్టోబర్‌లో పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో 178 మంది ఎన్నికైన ప్రతినిధులు ఓటేస్తే 170 మంది భారత్‌లో విలీనానికి సరే అన్నారు. నవంబర్ 1న అధికారం చేతులు మారింది. యానాంలో ఫ్రెంచ్ వలసదారులు లెక్కలోకి వచ్చేంత మంది లేరు. చుట్టూ పెద్ద దేశం ఉంది. అందుకే ఎవరు ఓటేయాలన్న ప్రశ్న అక్కడ ఇంత పెద్దది కాలేదు. న్యూ కాలెడోనియాలో లేచిన మొదటి ప్రశ్నే అది.

కనాక్‌లకు పౌరసత్వం వచ్చింది, 1950ల చివరికి అందరికీ ఓటూ వచ్చింది. 1956లో వాళ్లు జనాభాలో సగానికి కాస్త ఎక్కువ. అప్పుడు నికెల్ ధర పెరిగింది. 1969–72 మధ్య ఫ్రాన్స్ నుంచి, ఇతర దీవుల నుంచి వేలమంది వచ్చిపడ్డారు. 1976 నాటికి కనాక్‌లు సుమారు 42 శాతానికి తగ్గిపోయారు.

ఇది దానంతట అదే జరిగిందా? 1972 జూలైలో ఫ్రాన్స్ ప్రధాని పియెర్ మెస్మెర్ తన ప్రభుత్వంలోని సహచరుడికి రాసిన ఉత్తరం తర్వాత బయటికొచ్చింది. మూలవాసుల జాతీయవాదం నుంచి తప్పించుకోవాలంటే పసిఫిక్‌కు చెందని జనం అక్కడ మెజారిటీ కావాలనీ, అందుకు ఫ్రెంచ్ పౌరుల వలసను ప్రోత్సహించాలనీ దాని సారాంశం. కనాక్ నాయకులు ఇప్పటికీ ప్రతి చర్చలో ఈ ఉత్తరం తీస్తారు. వచ్చినవాళ్లందరూ ఆ కుట్రలో భాగం కాదు, చాలామంది జీతం కోసం వచ్చారు. అయినా ప్రభుత్వం మనసులో ఏముందో సంతకంతో సహా కాగితం మీద ఉన్నప్పుడు అనుమానం పోవడం కష్టం.

ఇంటివాళ్లు, వచ్చినవాళ్లు

కనాక్ ఊళ్లోకి బయటివాళ్లు వెళ్తే ముందు ‘కుతూమ్’ చేయాలి. ఫ్రెంచ్‌లో ఆచారం అని దాని అర్థం. ఒక రంగుల గుడ్డ, కాస్త పొగాకు, ఒక నోటు ఊరిపెద్ద ముందు పెట్టి, నేను ఎవరిని, ఎందుకొచ్చాను అని తల వంచుకుని చెప్పాలి. పెద్దాయన ఆ గుడ్డ అందుకుని నాలుగు మాటలు మాట్లాడితే అప్పుడు లోపలికి రావచ్చు. కానుక విలువతో పని లేదు, చెప్పి రావడమే ముఖ్యం. ఇల్లు వాళ్లదని ఒప్పుకున్నాక చోటు దొరుకుతుంది.

1983లో పారిస్ దగ్గర నాంవిల్-లె-రోష్‌లో జరిగిన సమావేశంలో వచ్చిన రాజీకి దాదాపు ఇదే పోలిక. కనాక్‌లకు స్వతంత్రమయ్యే హక్కు పుట్టుకతోనే ఉందని ఆ ప్రకటన ఒప్పుకుంది. దానికి బదులుగా ఖైదీల, కూలీల వారసులను ‘చరిత్ర బాధితులు’గా గుర్తించి, భవిష్యత్తు తేల్చే ఓటులో వాళ్లకూ చోటుందని కనాక్ నాయకులు అన్నారు. ఫ్రాన్స్‌తోనే ఉండాలనే ప్రధాన పార్టీ మాత్రం దాని మీద సంతకం పెట్టలేదు.

తర్వాతి అయిదేళ్లూ నెత్తురే. 1984లో స్వాతంత్ర్యం కోరే పార్టీలన్నీ కలిసి ఎఫ్ఎల్ఎన్‌కేఎస్ అనే కూటమి కట్టాయి. ఆ నవంబర్‌లో ఎలువా మషోరో అనే నాయకుడు బ్యాలెట్ పెట్టెను గొడ్డలితో పగలగొట్టాడు. ఆ ఫొటో చూస్తే గొడవ దేనిమీదో మాటల్లేకుండానే తెలుస్తుంది. 1987లో మూడేళ్లుగా ఉంటున్నవాళ్లందరికీ ఓటిచ్చి రెఫరెండం పెడితే కూటమి బహిష్కరించింది. 98 శాతం ఫ్రాన్స్‌తోనే అన్నారు. 1988లో ఉవెయా దీవిలో స్వాతంత్ర్యం కోరే కనాక్‌లు నలుగురు జెండార్మ్‌లను, అంటే ఫ్రెంచ్ పోలీసు దళం వాళ్లను, చంపి మిగతావాళ్లను బందీలుగా పట్టుకున్నారు. మే 5న సైన్యం దాడిలో 19 మంది కనాక్‌లు, ఇద్దరు సైనికులు చనిపోయారు.

ఆ భయమే రెండు పక్షాలనూ కూర్చోబెట్టింది. జూన్ 26న పారిస్‌లో కనాక్ నాయకుడు జాన్-మారీ చిబావూ, ఫ్రాన్స్ పక్షం నాయకుడు జాక్ లఫ్లేర్ చేతులు కలిపారు. ఇదే మాటిన్యోన్ ఒప్పందం. పదకొండు నెలల్లోపే, రాజీ పడ్డాడన్న కోపంతో ఒక కనాక్ చిబావూను కాల్చి చంపాడు. పదేళ్లకు, 1998లో, నూమియా ఒప్పందం వచ్చింది. ఫ్రెంచ్ పౌరసత్వం లోపలే ‘న్యూ కాలెడోనియా పౌరసత్వం’, మెల్లగా అధికారాల బదిలీ, ఆ తర్వాత స్వాతంత్ర్యం మీద మూడు సార్ల దాకా రెఫరెండం. ప్రావిన్సు ఎన్నికల ఓటు పాతకాపులకు మాత్రమే.

ఒక ఊరు, మూడు జాబితాలు

పాతకాపు అంటే ఎవరు? ఒప్పందంలో పదేళ్ల నివాసం అని ఉంది. ఆ పదేళ్లు ఎవరికి లెక్కించాలి? ఎన్నిక రోజుకు పదేళ్లు నిండిన అందరికా, వాళ్లలో 1998 నాటి జాబితాకు ఎక్కినవాళ్లకు మాత్రమేనా? మొదటిదైతే జాబితా ఏటేటా పెరుగుతుంది, రెండోదైతే అక్కడే ఆగిపోతుంది. 1999లో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి మొదటి అర్థం చెప్పింది. కనాక్‌లు మేం సంతకం పెట్టింది దానికి కాదన్నారు. 2007లో రాజ్యాంగాన్నే సవరించి రెండో అర్థాన్ని ఖాయం చేశారు. ‘గడ్డకట్టిన జాబితా’ అని పిలిచేది దీన్నే.

ఊహించుకున్న కొందరు మనుషులతో చూద్దాం. హియెంగెన్ ఊరి కనాక్ రైతుకు ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక, ప్రావిన్సు ఎన్నిక, రెఫరెండం, మూడింట్లోనూ ఓటుంది. 1985లో లియోన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంజనీరుకూ మూడూ ఉన్నాయి. 1996లో వచ్చి అప్పుడే ఓటరుగా చేరిన టీచరుకు పదేళ్లు నిండాక, అంటే 2006 నుంచి, ప్రావిన్సు ఓటు వచ్చింది. రెఫరెండం ఓటు మాత్రం రాలేదు. దానికి 2014 చివరికల్లా ఇరవై ఏళ్లు నిండాలి, ఆమెకు రెండేళ్లు తక్కువ పడ్డాయి. 2003లో వచ్చిన నర్సుకు ఫ్రాన్స్ ఎన్నికల్లో, మునిసిపల్ ఎన్నికల్లో ఓటుంది, మిగతా రెండూ లేవు. ఆమె కూతురు 2005లో నూమియాలోనే పుట్టింది, వేరే ఊరు ఎరగదు. 2023లో 18 నిండితే ఆమెకూ అంతే. పారిస్‌లో కూర్చునే అధ్యక్షుణ్ని ఎన్నుకోగలదు, తన స్కూలు సిలబస్‌లో మార్పులు చేసే సభను ఎన్నుకోలేదు.

2024 నాటికి ఇలా బయట ఉన్నవాళ్లు మొత్తం ఓటర్లలో దాదాపు అయిదింట ఒకరు. సవరణ పాసైతే వాళ్లలో సుమారు 25 వేల మంది లోపలికి వస్తారు. ఆ నర్సు, కూతురు ఇద్దరూ వస్తారు.

మూడు రెఫరెండంల లెక్క

2018 నవంబర్: స్వాతంత్ర్యం వద్దన్నవాళ్లు 56.67 శాతం. 2020 అక్టోబర్: 53.26 శాతం. రెండోసారి తేడా 9,970 ఓట్లు మాత్రమే. మూడోసారి ఏమవుతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి.

2021 సెప్టెంబర్‌లో కోవిడ్ వచ్చింది. పోయినవాళ్లలో కనాక్‌లు, ఇతర ద్వీపవాసులే ఎక్కువ. కనాక్ ఆచారంలో చావు తంతులు వారాలు, నెలలు నడుస్తాయి. శోకంలో ఉన్న ఊళ్లలో ప్రచారం చేయలేం, వాయిదా వేయండి అని అడిగారు. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. డిసెంబర్ 12న కూటమి బహిష్కరించింది. పోలైనవి 44 శాతం, వద్దన్నవి 96.5 శాతం. మూడుసార్లు వద్దన్నారు కాబట్టి విషయం ముగిసిందని పారిస్ అంటుంది. మూడోది లెక్కలోకే రాదని కూటమి అంటుంది. నా మట్టుకు నాకు, 2024 మంట వెనక సవరణ ఎంత ఉందో ఆ వాయిదా నిరాకరణా అంతే ఉంది అనిపిస్తుంది.

ఎవరి వాదన ఏమిటి

ఫ్రాన్స్ పక్షం వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇరవై ఏళ్లుగా పన్ను కడుతూ, పిల్లలను అక్కడే పెంచుతున్నవాళ్లకు ఓటు లేకపోవడం ఏ ప్రజాస్వామ్యం? గడ్డకట్టిన జాబితా తాత్కాలికమన్నారు, మూడు రెఫరెండంలూ అయిపోయాయి, ఇక కారణమేముంది?

కనాక్‌ల జవాబు: అది తాత్కాలికమే, కొత్త ఒప్పందం కుదిరే వరకు. ఆ ఒప్పందం లేకుండా పారిస్ ఒక్కటే జాబితా తెరిస్తే 1972 ఉత్తరాన్ని ఓటు రూపంలో పూర్తి చేసినట్టే. ఐక్యరాజ్యసమితి 1986లో న్యూ కాలెడోనియాను స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలో తిరిగి చేర్చింది. వలస పాలన నుంచి బయటపడే దశలో ఉన్న నేలకు మామూలు ఎన్నికల సూత్రం సరిపోదని వాళ్ల వాదన.

కోర్టులు ఏమన్నాయి? 2002లో ఐరాస మానవ హక్కుల కమిటీ, 2005లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఓటు మీద నివాస పరిమితులను సమర్థించాయి. రెండూ అక్కడి ప్రత్యేక పరిస్థితిని, స్వపరిపాలన వైపు నడుస్తున్న దశను లెక్కలోకి తీసుకున్నాయి. అందుకే ఆ తీర్పులను రెండు పక్షాలూ వాడుకుంటున్నాయి. ఒకరు ‘సమర్థించాయి’ అన్న మాట పట్టుకుంటే, ఇంకొకరు ‘ఆ దశ’ అన్న మాట పట్టుకుంటారు.

ఇది రెండు జట్ల ఆట కూడా కాదు. ఫ్రాన్స్‌తో ఉండాలనే కనాక్‌లు ఉన్నారు. వాలిస్ వాళ్ల పార్టీ ఎటు మొగ్గితే కాంగ్రెస్ అటు తిరుగుతుంది. 2024 నవంబర్‌లో రెండు మితవాద పార్టీలు కూటమి నుంచి తప్పుకున్నాయి. పైగా ఇండోనేషియా చవక నికెల్ దెబ్బకు ఉత్తర ప్రావిన్సు తన స్వావలంబనకు ఆధారం అనుకున్న కోనియాంబో ఫ్యాక్టరీ అదే ఏడాది మూతపడింది. స్వతంత్రమైతే ఏం తిని బతకాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ చూపిన జవాబు ఆ ఫ్యాక్టరీయే.

సవరణను 2024 జూన్‌లో ఆపారు, అక్టోబర్‌లో వదులుకున్నారు. 2025 జూలై 12న పారిస్ దగ్గర బుజివాల్‌లో మరో ఒప్పందం రాశారు: ఫ్రాన్స్ లోపలే ‘న్యూ కాలెడోనియా రాజ్యం’, దానికి సొంత జాతీయత, ఓటరు జాబితా తెరవడం. నెల తిరక్కుండానే ఎఫ్ఎల్ఎన్‌కేఎస్ అది మాకు సమ్మతం కాదంది. తన సొంత ఒప్పందానికి అది కోరిన తేదీ సెప్టెంబర్ 24. బలాద్‌లో జెండా ఎగిరిన రోజూ, 1984లో ఆ కూటమి పుట్టిన రోజూ అదే. క్యాలెండర్‌లో ఆ రోజు సెలవు, పేరు ‘పౌరసత్వ దినం’.